కదలని గుర్రం

సలోమీ ప్రభుత్వాన్ని అడిగింది ఒకే ఒక్క గిటారు. గుర్రాన్ని అడగలేదు. ఈ ముక్క మొదటే చెప్పుకోవడం మంచిది, ఎందుకంటే తర్వాత ఆమెకి వచ్చిన మెమోలన్నిటిలోనూ "తమరు కోరియున్న గుర్రము" అనే ఉంది.

బొంతు సలోమీ ప్రభుత్వ సంగీత నృత్య కళాశాలలో గిటారు అధ్యాపకురాలు. కళాశాల గోదావరి కాలవ గట్టున, ఒకప్పటి ధాన్యం గోదాములో నడుస్తుంది. అక్కడ వీణ ఉంది, వయొలిన్ ఉంది, మృదంగం ఉంది, హరికథ ఉంది. గిటారు మాత్రం లేదు. ఏడాది కిందట ఏదో సభలో ఒక పెద్దమనిషి మైకు పట్టుకుని "నేటి యువతకి ఏం కావాలి? గిటారు కావాలి!" అన్నాడు. చప్పట్లు గట్టిగా పడ్డాయి. పడ్డ చప్పట్లు వృథా పోకూడదని ఆర్నెల్లు తిరక్కుండా గిటారు విభాగం తెరిచేశారు. గదికి బోర్డు రాయించారు. అధ్యాపకురాలిని వేశారు. పదకొండు మందిని చేర్చుకున్నారు. పందిరి వేసి, మేళం పిలిచి, విస్తళ్ళు పరిచాక, పెళ్ళికూతురు ఏదీ అని అడిగేవాడు లేకపోయాడు.

సలోమీకి సొంత గిటారు ఉంది. పన్నెండో ఏట నుంచీ చర్చిలో వాయిస్తున్నదే. కానీ దాన్ని కాలేజీకి తేవడానికి లేదు. పూర్వం ఒక మాస్టారు కాలేజీ నాదస్వరాన్ని తన సొంతమని చెప్పి ఇంటికి పట్టుకుపోయాట్ట. అప్పట్నించి సొంత వాద్యాలు గేటు దాటి లోపలికి రాకూడదని రూలు. "బయటికి పోయినదానికి లోపలికి రానివ్వకపోవడం ఏంటండీ?" అని ఆమె అడిగితే, సూపరింటెండెంటు సత్తిరాజుగారు కళ్ళజోడు తుడుచుకుంటూ "లోపలికి రాకపోతే బయటికి పోదు కదమ్మా" అన్నారు. ఆలోచిస్తే అది కాదనలేని మాటే.

అంచేత గిటారు విభాగం చెక్కల మీద నడిచింది. కాలేజీలో వీణలు మరమ్మతు చేసే చిట్టాచారి పదకొండు చెక్కలు చిత్రికపట్టి ఇచ్చాడు. వాటి మీద సలోమీ పెన్సిలుతో ఆరు తీగలూ, మెట్లూ గీసింది. విద్యార్థులు ఆ గీతల మీద వేళ్ళు పెట్టి, ఏ స్వరం పలకాలో ఆ స్వరం నోటితో అనేవారు. అవతల గదిలో హరికథ వాళ్ళు నవ్వేవారు. నవ్వరూ మరి.

పదకొండు మందిలోనూ అందరికంటే ముందు వచ్చేది నూకరత్నం. ముప్పయి రెండేళ్ళ మనిషి, పొద్దున్న కాలవ వంతెన దగ్గర ఇడ్లీ బండి నడుపుతుంది. తొమ్మిదింటికి బండి కట్టేసి, చేతులు కడుక్కుని, చీర కొంగుకి ఇంకా పచ్చడి వాసన ఉండగానే క్లాసులో కూర్చునేది. రోజూ ఒకటే ప్రశ్న.

"మేడంగారండీ, గిటారు వచ్చిందాండీ?"

"వస్తుంది రత్నం."

"సరేనండి." అని చెక్క ఒళ్ళో పెట్టుకునేది. ఆ సరే వినడం సలోమీకి రోజురోజుకీ కష్టంగా ఉండేది. ఆమె ఒక్కసారి తిట్టినా బాగుండేది.

డిసెంబరులో కమిషనరేటు నుంచి ఉత్తరం వచ్చింది. "మార్చి పదిహేనవ తేదీన తనిఖీ జరుగును. బోధనోపకరణములు లేని విభాగములు ఆనాటి నుండి మూసివేయబడును. విద్యార్థులు ఇతర విభాగములలో సర్దుబాటు చేయబడుదురు. అధ్యాపకుల సేవలు అవసరము లేనివిగా పరిగణింపబడును." అంటే నూకరత్నం హరికథలోకి, సలోమీ ఇంటికి. గిటారు ఇవ్వనివాళ్ళే గిటారు ఏదని అడగడానికి వస్తున్నారన్నమాట.

సలోమీ ఆ రోజే గిటారు కొనిపెట్టమని ఇండెంటు రాయడానికి కూర్చుంది. అందులో "పరిశీలించిన ప్రత్యామ్నాయము" అని ఒక గడి ఉంది. రెండు రకాల్లో ఒకటి ఎంచుకున్నట్టు చూపించకపోతే ప్రభుత్వం చీపురు కూడా కొనదు.

ఇక్కడ గిటారు సంగతి కాస్త చెప్పాలి. ఎలక్ట్రిక్ గిటారు తీగలు ఒక చివర బిరడాలకి చుట్టి ఉంటాయి, రెండో చివర బ్రిడ్జి అనే లోహపు దిమ్మ మీద ఆనుతాయి. ఈ బ్రిడ్జి రెండు రకాలు. ఫిక్స్‌డ్ బ్రిడ్జిని మరలతో బిగించేస్తారు, పిడుగు పడ్డా కదలదు. ట్రెమోలో బ్రిడ్జి స్ప్రింగుల మీద ఊగుతుంది. దానికో కడ్డీ ఉంటుంది, అది నొక్కితే స్వరం వణుకుతుంది, ఏడవబోయి ఆగిన గొంతులాగా. వినడానికి ప్రాణం లేచివస్తుంది గానీ, ఒక్క తీగ తెగితే మిగతా అయిదూ శ్రుతి తప్పుతాయి. సలోమీ సొంత గిటారు ట్రెమోలోదే. ఆదివారం పాస్టరుగారు రెండో ప్రార్థన అంత పొడుగు చేసేది ఆమె శ్రుతి చేసుకోవడానికే. ఆమె మనసు దాని మీదే ఉంది. కానీ పదకొండు జతల కొత్త చేతులు పడే గిటారుకి ఫిక్స్‌డే క్షేమం. వలచడానికి ట్రెమోలో, కాపరానికి ఫిక్స్‌డు అనుకుని, మొదటిది ప్రత్యామ్నాయం గడిలోనూ రెండోది కోరిక గడిలోనూ రాసి సంతకం పెట్టింది.

అది నేరుగా వెళ్ళి ఉంటే ఏమయ్యేదో గానీ, సరిగ్గా ఆ వారమే "పరిభాషా పరిశుద్ధి పక్షోత్సవం" మొదలైంది. పదిహేను రోజులపాటు ఏ కాగితంలోనూ ఒక్క ఇంగ్లీషు మాట కనిపించరాదు. కనిపిస్తే కాగితం వెనక్కి. టేబులు మీద టేబులు అనే మాట ఉన్న కాగితం పెట్టకూడదన్నారు.

సలోమీ ఇండెంటు భాషాధికారి అనంతపద్మనాభంగారి దగ్గరికి వెళ్ళింది. ఆయన నిజంగా పండితుడు. నిఘంటువులు తిరగేసి ఊరుకోకుండా, స్వయంగా కాలేజీకి వచ్చి చిట్టాచారి ముందు చాప మీద కూర్చున్నారు.

"ఆచారీ, వీణ తీగలు ఆనుకునే దిమ్మని మీ వాళ్ళేమంటారు?"

"గుర్రం అంటామండి. తాతల కాడ్నించీ అదే మాట. తీగ సవారీ చేసేది దాని మీదే గదండి."

అనంతపద్మనాభంగారి కళ్ళు చెమర్చాయి. "చూశావా అమ్మా!" అన్నారు సలోమీతో. "ఇంట్లో బంగారం పెట్టుకుని ఇన్నాళ్ళూ బ్రిడ్జి, బ్రిడ్జి అని అరువు తెచ్చుకున్నాం. గుర్రం! ఎంత సొగసైన మాట!"

సలోమీకి కూడా ఆ మాట నచ్చింది. ఇంటికి వెళ్తూ రెండుసార్లు పైకి అనుకుంది కూడా. మర్నాటికి ఇండెంటు తయారైంది. "విద్యుత్ ఆరుతంత్రుల వాద్యము, ఒకటి. దానికి కదలని గుర్రము, ఒకటి. పరిశీలించిన ప్రత్యామ్నాయము: వణికే గుర్రము."

అందులో తప్పు లేదు. ఒక్క అక్షరం తప్పు లేదు. దాన్ని చదివినవాళ్ళలోనే కాస్త తేడా ఉంది.

చదివింది కొనుగోళ్ళ సంఘం. ఆ సంఘంలో ఏడుగురు సభ్యులు. వాళ్ళలో ఎవరికీ వాద్యం మీద అనుమానం రాలేదు, విద్యుత్తు మీదా రాలేదు. గుర్రం దగ్గర ఆగారు. అయితే ఎందుకు గుర్రం అని ఎవరూ అడగలేదు. అడిగితే తెలియదని తెలిసిపోతుంది. పైగా ఒక సభ్యుడు "పాశ్చాత్య సంగీతంలో గుర్రం తోక వెంట్రుకలు వాడుదురు" అని వయొలిన్ కమాను గురించి ఎక్కడో విన్నది చెప్పాడు. అందరూ తలలూపారు. ప్రాణి సంబంధమైన కొనుగోలు కనక "పశుసంవర్ధక శాఖ వారి అభిప్రాయము కోరడమైనది" అని రాసి పంపారు.

జనవరి రెండో వారంలో పశువైద్యాధికారి డాక్టర్ మస్తాన్ వలీ స్కూటరు మీద కాలేజీకి వచ్చారు. మనిషి మంచివాడు. ఫైలు సలోమీ ముందు పెట్టి, దీనంగా అడిగారు.

"మేడమ్, నా ముప్పయ్యేళ్ళ సర్వీసులో కదలని గుర్రమంటే చచ్చిన గుర్రమే. వణికే గుర్రమంటే జ్వరం. ఈ రెండింట్లో ఏది మంచిదని అడిగితే నేనేం రాయనండీ?"

సలోమీ పదినిమిషాలు మాట రాక నవ్వింది. తర్వాత చెక్క తెచ్చి, గీతలు చూపించి, అంతా విడమరిచి చెప్పింది. డాక్టరుగారు కూడా నవ్వారు. కళ్ళు తుడుచుకున్నారు. తుడుచుకుని మళ్ళీ ఫైలు తెరిచారు.

"నాకర్థమైందండి. కానీ నన్నడిగిన ప్రశ్న గుర్రం గురించి. అసలది గుర్రం కాదని రాసే అధికారం నాకు లేదు. అది పంపినవాళ్ళు తేల్చాలి. నేను గుర్రమనే అనుకుని రాయాలి."

"రాస్తే నిజంగా గుర్రాన్ని కొనేస్తారండీ!"

"ఆరోగ్యంగా ఉన్నదే కొనేలా చూస్తానండి," అన్నారాయన, చాలా నిజాయితీగా.

ఆయన రాసింది ఇది: "వణుకు వ్యాధి లక్షణము. కావున వణికే గుర్రము త్యజనీయము. కదలని గుర్రము విషయమున, కదలని అను పదమును చనిపోయిన అను అర్థమున కాక, స్వభావరీత్యా నెమ్మదైన, కట్టివేయుటకు అనువైన అను అర్థమున స్వీకరింపవచ్చును."

సలోమీ పరుగున సత్తిరాజుగారి దగ్గరికి వెళ్ళింది. గుర్రం అంటే బ్రిడ్జి అని వివరణ రాసి పైకి పంపుతానంది. సత్తిరాజుగారు ఆమె చేతిలో కాగితం తీసుకుని, చదివి, నాలుగు మడతలు పెట్టి, కిటికీ రెక్క కొట్టుకోకుండా సందులో దోపారు.

"అమ్మా, నామాట వినండి. బ్రిడ్జి అన్నారంటే ఫైలు రోడ్లు భవనాల వాళ్ళకి పోద్ది. మన కాలవ మీద కొత్త బ్రిడ్జి పదకొండేళ్ళుగా పునాది కాడే ఉంది. మార్చి పదిహేనుకి మీకేం కడతారు? గుర్రమే నయం. దానికి ముందే నాలుగు కాళ్ళుంటాయి."

"నాకు గిటారు కావాలి సత్తిరాజుగారూ."

"గిటారు కూడా అదే ఫైల్లో ఉందమ్మా. గుర్రాన్ని ఆపారంటే గిటారూ ఆగిపోద్ది. ఫైలు కదుల్తున్నప్పుడు ఎటు కదుల్తోందని అడక్కూడదు."

ముప్పయ్యేళ్ళు కుర్చీలో కూర్చున్న మనిషి మాట అది. సలోమీ బయటికొచ్చింది. వరండాలో నూకరత్నం నిలబడి ఉంది. ఈసారి గిటారు వచ్చిందా అని అడగలేదు. "గుర్రం వస్తందంట గదండీ?" అని అడిగింది.

ఫిబ్రవరిలో కొనుగోళ్ళ సంఘం ఆఖరి సమావేశం జరిగింది. సలోమీని కూడా పిలిచారు, కానీ చివరి కుర్చీలో కూర్చోబెట్టారు. కదలనిదా, వణికేదా అన్న చర్చ రెండు గంటలు నడిచింది. వణికే గుర్రమైతే వాద్యంలో భావం పలుకుతుందని ఒక సభ్యుడు, ఎక్కడో గిటారు పుస్తకం చూసినవాడు, పాపం కాస్త సరిగ్గానే చెప్పబోయాడు. ప్రిన్సిపాల్‌గారు లేచి నిలబడ్డారు.

"అధ్యక్షా! ప్రభుత్వ ప్రాంగణంలో ప్రభుత్వ గుర్రం వణుకుతూ నిలబడితే ప్రజలేమనుకుంటారు? ప్రభుత్వం భయపడుతోందనుకోరా? స్థిరత్వమే పాలనకి పునాది. కదలనిదే కావాలి!"

చప్పట్లు. సలోమీ చెయ్యెత్తింది. "అది జంతువు కాదండీ. తీగల కింద ఉండే దిమ్మ..."

"వాద్యాన్ని గుర్రం మీద కూర్చుని వాయిస్తారా, కింద ఉండి వాయిస్తారా అనేది బోధనా పద్ధతి," అన్నారు అధ్యక్షులు ప్రసన్నంగా. "అందులో సంఘం జోక్యం చేసుకోదు. మీకు పూర్తి స్వేచ్ఛ ఉంది."

తీర్మానం రాసుకున్నారు. ఆమె కోరిన ఫిక్స్‌డే ఖాయమైంది. ఆ లెక్కన ఆమె గెలిచినట్టే.

మార్చి ఒకటిన గుర్రం వచ్చింది. తెల్లది, ముసలిది, మోకాళ్ళ దగ్గర కాస్త పసుపు రంగు అంటుకుని ఉంది. ఇరవయ్యేళ్ళు పెళ్ళికొడుకుల్ని మోసి రిటైరయిన ఊరేగింపు గుర్రమట. నెమ్మదైనదని డాక్టరుగారే ఎంచి పంపారు. దాని మెడలో "గి.వి. గు-1" అని బిళ్ళ కట్టారు, అంటే గిటారు విభాగపు మొదటి గుర్రం. కదలనిది అన్న షరతు నెరవేరడానికి గిటారు గది పక్కనే నాలుగు మేకులు పాతి, ఒక్కో కాలు ఒక్కో మేకుకి కట్టారు. సంరక్షకురాలు అన్న చోట సలోమీ చేత సంతకం పెట్టించుకున్నారు.

గుర్రం ఆమె వంక చూసింది. ఆమె గుర్రం వంక చూసింది. కాళ్ళు అలా చీలదీసి కట్టినా ఆ ముసలిది ఏమీ అనలేదు, పెళ్ళిళ్ళలో అంతకంటే ఎక్కువే చూసి ఉంటుంది. ఒళ్ళు మండింది సలోమీకే. ప్యూన్లు వెళ్ళిపోయాక మూడు కట్లు విప్పేసి, నాలుగోది వదులు చేసింది. నూకరత్నం తన బండి నుంచి కేరట్ తొక్కలూ, మిగిలిపోయిన ఇడ్లీలూ తెచ్చి పెట్టింది. గుర్రం ఇడ్లీలు తిని, చట్నీ గిన్నె కూడా నాకింది.

మార్చి పదకొండున గిటారు వచ్చింది.

పెట్టె తెరిచేటప్పుడు పదకొండు మందీ చుట్టూ మూగారు. ఎర్రటి గిటారు, అద్దంలా మెరుస్తోంది. నూకరత్నం చెయ్యి చీరకి తుడుచుకుని, వేలితో ముట్టుకుని, వెనక్కి తీసేసింది. సలోమీ గిటారు చేతుల్లోకి తీసుకుంది. బిరడాలున్నాయి. మెట్లున్నాయి. తీగల చుట్ట ఉంది. బ్రిడ్జి ఉండాల్సిన చోట ఖాళీగా ఉంది. మరలు పట్టే రంధ్రాలు మాత్రం ఉన్నాయి.

పెట్టెలో చీటీ ఉంది. "గుర్రము వేరుగా కొనుగోలు చేయబడినందున, ఒకే వస్తువు రెండుసార్లు కొనరాదను నిబంధన మేరకు, సదరు వాద్యము గుర్రము లేకుండా సరఫరా చేయడమైనది."

ఎనిమిది నెలలు చెక్క మీద నేర్చుకున్నవాళ్ళకి ఇంకో చెక్క వచ్చింది, ఇది రంగు వేసిన చెక్క, అంతే తేడా. సలోమీ గిటారు ఒళ్ళో పెట్టుకుని అందరి ముందే ఏడ్చేసింది.

బయట నుంచి గుర్రం సకిలించింది. చిట్టాచారి గుమ్మంలో నిలబడి ఉన్నాడు.

"ఏడుపెందుకమ్మా? మాట నేనిచ్చిందే. గుర్రమూ నేనే ఇస్తాను. ఆ గిటారిలా పడెయ్యండి."

మూడు రోజులు పట్టింది. వీణలకి వాడే పనస చెక్క ముక్క తీశాడు. ఉలితో చెక్కాడు, గాజుపెంకుతో గీశాడు, పాత వీణ నుంచి ఊడదీసిన కంచు రేకు పైన పరిచాడు. తీగలు గిటారు వీపు వైపు నుంచి దూరి, ఆ రేకు మీదుగా ఎక్కేలా ఆరు గాడులు కోశాడు. నాలుగు మరలతో బిగించి, బొటనవేలితో గట్టిగా తోసి చూశాడు. "కదల్దు," అన్నాడు.

సలోమీ తీగలు ఎక్కించి, శ్రుతి చేసి, కాలేజీ మైకుసెట్టుకి కలిపి, మొదటి తీగ మీటింది. గోదాము గోడలన్నీ ఒక్కసారి గుర్‌మన్నాయి. హరికథ వాళ్ళు చిడతలు పట్టుకుని బయటికి పరుగెత్తారు. నూకరత్నం నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. కంచు మోతా, పనస చెక్క తీపీ కలిసిన ఆ నాదం ఏ కంపెనీ గిటారులోనూ సలోమీ వినలేదు. అది తన ట్రెమోలో కంటే బాగుందని ఒప్పుకోవడానికి ఆమెకి కాస్త కష్టమైంది, ఒప్పుకుంది.

ఆ సాయంత్రమూ, మర్నాడు పొద్దుటా నూకరత్నం గిటారు వదల్లేదు. ఇడ్లీ బండి పెట్టలేదు. చెక్క మీద ఎనిమిది నెలలు తిరిగిన వేళ్ళకి దారి తెలుసు. తీగ కోసుకుంటే రక్తం వచ్చింది. "ఏం ఫర్లేదండి, మిరపకాయలు కోసే చేతులు," అంది.

పదిహేనున పదకొండింటికి ఏడుగురు సభ్యులూ, వాళ్ళ పైన కమిషనరేటు నుంచి ప్రత్యేకాధికారీ దిగారు. ముందు గుర్రాన్ని చూశారు. ప్యూన్లు తెల్లవారకుండానే నాలుగు కాళ్ళూ మళ్ళీ కట్టేశారు. ఫారంలో "కదలకుండుట ప్రత్యక్షముగా నిర్ధారింపవలెను" అని ఉంది కాబట్టి ఎనిమిది మందీ గుర్రం ఎదుట వరసగా నిలబడి పది నిమిషాలు కళ్ళార్పకుండా చూశారు. ఏడో నిమిషంలో దాని తోక మీద ఈగ వాలింది. తోక ఆడింది.

"కదిలింది!" అన్నాడొక సభ్యుడు.

"తోక కదిలితే గుర్రం కదిలినట్టా?" అన్నాడు ఇంకొకడు.

ప్రత్యేకాధికారి చెయ్యెత్తి అందరినీ ఆపారు. "తోక అనుబంధ భాగము. మూల వస్తువు కదలనంత వరకు అనుబంధ భాగముల చలనము పరిగణనలోకి రాదు. రాసుకోండి." రాసుకున్నారు.

తర్వాత వాద్య ప్రదర్శన. వాద్యమూ గుర్రమూ ఒకే ఇండెంటువి కనక ఒకే చోట ఉండాలన్నారు. గుర్రాన్ని తెచ్చి హాలు వరండాలో, స్తంభాలకి కట్టారు. ఏడుగురు సభ్యులూ కుర్చీల్లో కూర్చున్నారు. "విద్యార్థి ఎవరైనా వాయించవచ్చును," అన్నారు ప్రత్యేకాధికారి వాచీ చూసుకుంటూ.

నూకరత్నం లేచింది. గిటారు మెళ్ళో వేసుకుంది. ఈ ఒక్క అయిదు నిమిషాల్లోనే అన్నీ తేలాలి, ఆ సంగతి నూకరత్నానికీ తెలుసు.

మొదటి స్వరం కాస్త వంకరగా పడింది. రెండోది కుదిరింది. ఆమె ఎంచుకున్నది పొద్దున్నే పప్పు రుబ్బుతూ పాడుకునే కూనిరాగం, పల్లె నుంచి తెచ్చుకున్నది, పేరు లేనిది. మెల్లగా మొదలుపెట్టింది. రోలు తిరిగినట్టే తిరిగి తిరిగి మొదటికొచ్చేది, వచ్చినప్పుడల్లా కొంచెం పైకి లేచేది. మూడో చుట్టులో ఆమె కళ్ళు మూసుకుంది. అక్కడ నుంచి ఆ రాగంలో కాలవ గట్టూ, పొయ్యి పొగా, ఎనిమిది నెలల చెక్కా అన్నీ వచ్చి చేరాయి. వెనక పది మందీ తమ చెక్కల మీద తాళం వేయడం మొదలెట్టారు. సలోమీ ఇంక కన్నీళ్ళు తుడుచుకోలేదు.

ఏడుగురు సభ్యులు అలాగే కూర్చున్నారు. ఒకాయన ఫారంలో గడులు నింపుతున్నాడు. ఒకాయన బిస్కట్టు టీలో ముంచి, అది విరిగి పడిందేమోనని కప్పులోకి చూసుకుంటున్నాడు. ప్రిన్సిపాల్‌గారు ప్రత్యేకాధికారి ముఖం చూస్తున్నారు, ప్రత్యేకాధికారి వాచీ చూస్తున్నారు.

వరండాలో గుర్రం చెవులు నిక్కబొడిచింది. ఇరవయ్యేళ్ళు మేళం వెంట నడిచిన ఒళ్ళు అది. ముందు కుడికాలు లేపింది. తాడు తెగింది. ఎడమకాలు లేపింది. తల ఎగరేసింది, నడుము తిప్పింది, పెళ్ళికొడుకు ఇంటి ముందు వేసే అడుగు వేసింది. మిగతా రెండు తాళ్ళూ పటపటమన్నాయి. తర్వాత అది హాల్లోకి వచ్చి, కుర్చీల మధ్య నుంచి, తాళం ఎక్కడా తప్పకుండా నడుచుకుంటూ, బిస్కట్ల పళ్ళెం ఖాళీ చేసి, నూకరత్నం దగ్గర ఒక్క క్షణం ఆగి, అవతలి గుమ్మంలోంచి వెళ్ళిపోయింది. కాలేజీ గేటు తీసే ఉంది. సొంత వాద్యాలు లోపలికి రాకుండా చూడ్డమే తప్ప గుర్రాలు బయటికి పోకుండా చూడమని వాచ్‌మన్‌కి ఎవరూ చెప్పలేదు.

మర్నాడే సలోమీకి మెమో. "తమరు కోరియున్న గుర్రము కదలనిది. కాగా సదరు గుర్రము తనిఖీ సమయమున అందరి సమక్షమున కదిలినది. కదలని గుర్రము కదులుటకు గల కారణములను వారము దినములలో తెలియజేయవలెను. లేనియెడల తమరు వణికే గుర్రమును కదలని గుర్రముగా చూపినట్లు భావింపబడును."

ఆమె ఆ రాత్రే సమాధానం రాసింది. ఇన్నాళ్ళు వాళ్ళ భాష విని విని ఆమెకీ చేయి తిరిగింది.

"నేను కోరిన కదలని గుర్రము కదలలేదు. అది పనస చెక్కది, గిటారు మీదనే ఉన్నది, ఎప్పుడైనా వచ్చి బొటనవేలితో తోసి చూడవచ్చును. కదిలినది తమరు పంపిన గుర్రము. అది పాట విని కదిలినది. ఆనాడు హాలులో పాట విన్నవారిలో కదలనివారు ఎవరెవరో తమ హాజరు పట్టికలోనే ఉన్నది."

సత్తిరాజుగారు అది రెండుసార్లు చదివారు. కిటికీ సందులో దోపలేదు. జాగ్రత్తగా ఫైల్లో పెట్టి, ట్యాగు కట్టి, "ఇది పైకి పోద్ది, చదవరు, దిగులు పడకండి," అన్నారు. తర్వాత బీరువా అడుగు నుంచి దుమ్ము పట్టిన రూళ్ళ పుస్తకం తీసి ఒక పేజీ దగ్గర అగ్గిపుల్ల పెట్టారు.

"ఇది చూడండమ్మా. ప్రభుత్వ పశువు తప్పిపోతే, అది దొరికేదాకా సంబంధిత విభాగాన్ని మూయకూడదు, సంరక్షకుల్ని తియ్యకూడదు. తీస్తే పశువుకి జవాబుదారీ ఎవరూ? గుర్రం లేదు గనక విభాగం మూసెయ్యమని ప్రత్యేకాధికారి నిన్ననే రాశారు. నేను ఈ రూలు జతచేసి పంపా."

వారానికి ఉత్తర్వు వచ్చింది. "గుర్రము లభ్యమగు వరకు గిటారు విభాగమును యథాతథముగా కొనసాగింపవలెను. గుర్రపు ఆచూకీపై ప్రతి శనివారము నివేదిక సమర్పింపవలెను." కింద పెద్ద సంతకం, సీలు.

అప్పట్నించి గిటారు విభాగం నడుస్తోంది. ఒకటే గిటారు, పదకొండు మంది, వంతులవారీగా. చిట్టాచారి రెండో గిటారు ఒంటిని తనే చెక్కుతున్నాడు, దాన్ని ఏ ఇండెంటులోనూ రాయొద్దని ఒట్టు వేయించుకున్నాడు. శనివారం శనివారం నివేదిక రాసే పని నూకరత్నానిది, ఆమె చేతిరాత బాగుంటుందని.

మొన్న శనివారం కూడా సాయంత్రం క్లాసు అయ్యాక ఆమె కాగితం ముందు పెట్టుకుని కూర్చుంది. గది వెనక కిటికీ కాలవ గట్టు వైపు తెరుచుకుంటుంది. గట్టు మీద ఇడ్లీ బండి కట్టేసి ఉంది. బండి పక్క నుంచి ఒక తెల్లటి పొడుగు ముఖం కిటికీలోకి వచ్చి, చువ్వల మధ్య ముక్కు పెట్టుకుని, ఇంకో పాట ఉందా అన్నట్టు చూసింది. సలోమీ దాని నుదురు నిమిరి, జేబులోంచి కేరట్ తీసి పెట్టింది.

"మేడంగారండీ, ఈ వారం ఏం రాయమంటారండీ?"

"ఎప్పట్లాగే రాయి రత్నం," అంది సలోమీ. "గుర్రం కదలికలు ఇంకా తెలియరాలేదు."